బ్యారెల్ ట్యూనర్ పరీక్ష

బ్యారెల్ ట్యూనర్ అనగా లక్ష్యక్రీడలో వాడే రైఫిలు గొట్టం మూతి వద్ద బిగించి, ముందుకు వెనుకకు జరుపుటకు వీలుగా అమర్చిన ఒక బరువు. రైఫిలు పేలినప్పుడు గొట్టంలో పుట్టే కంపనాలను గుండు బయటపడే క్షణానికి అనుకూలంగా మార్చి, గుండ్లన్నీ లక్ష్యంపై మరింత దగ్గరగా పడేటట్లు చేయడం దీని ఉద్దేశ్యం. ట్యూనరును బిగించినంత మాత్రాన ఫలితం కనబడదు. ఏ స్థానంలో బరువు ఉన్నప్పుడు గుండ్లు బాగా కూడుతున్నాయో పరీక్షించి కనుగొనాలి. ఈ పరీక్షను సరిగా చేయకపోతే యాదృచ్ఛికంగా వచ్చిన మంచి ఫలితాన్ని ట్యూనరు గొప్పతనంగా పొరబడే ప్రమాదం ఉంది. ఈ వ్యాసంలో ప్రధానంగా 50 మీటర్ల పోటీలలో వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా రైఫిళ్ళను దృష్టిలో ఉంచుకొని ట్యూనరు పనిచేసే విధానం, దానిని పరీక్షించే పద్ధతి వివరించబడ్డాయి.

నేపథ్యం

అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నియమాల ప్రకారం 50 మీటర్ల రైఫిలు టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మి.మీ. మాత్రమే. గుండు వ్యాసం సుమారు 5.6 మి.మీ. దశాంశ పద్ధతిలో లెక్కించినప్పుడు ఒక గుండుకు గరిష్ఠ స్కోరు 10.9. గుండు కేంద్రం నుండి ప్రతి 0.8 మి.మీ. దూరం జరిగిన కొద్దీ 0.1 పాయింటు తగ్గుతుంది. అంటే 4 మి.మీ. తేడాకు అర పాయింటు పోతుంది. ఫైనల్ పోటీలలో పతకాలు తరచు ఇంతకంటే తక్కువ తేడాతో చేతులు మారుతాయి. కనుక క్రీడాకారుని నైపుణ్యంతో పాటు రైఫిలు, తూటాల నాణ్యత కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

భారతదేశంలో ఈ క్రీడకు మంచి ఆదరణ ఉంది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో 10 మీటర్ల ఎయిర్ రైఫిలులో కాంస్య పతకం, 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకొని కాల్చే) అంశంలో రజత పతకం సాధించాడు. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో 451.4 స్కోరుతో కాంస్యం గెలిచాడు. 50 మీటర్ల ప్రోన్ అంశం 2016 తరువాత ఒలింపిక్స్ నుండి తొలగించబడింది. మూడు భంగిమల పోటీ మాత్రం కొనసాగుతున్నది.

గొట్టం ఎందుకు కంపిస్తుంది

రైఫిలు గొట్టం ఒక చివర బిగించి, రెండవ చివర స్వేచ్ఛగా వదిలిన ఉక్కు దూలం వంటిది. బల్లకు ఒక చివర అదిమిపట్టి రెండో చివర మీటిన స్కేలు ఎలా ఊగుతుందో గొట్టం కూడా అలాగే ఊగుతుంది. కాకపోతే ఈ ఊపు కంటికి కనబడనంత చిన్నది. ట్రిగ్గరు నొక్కినప్పుడు ఫైరింగ్ పిన్ దెబ్బ, మందు మండినప్పుడు పుట్టే పీడనం, గుండు ముందుకు కదలడం, రైఫిలు వెనుకకు తన్నడం, ఇవన్నీ గొట్టాన్ని కదిలిస్తాయి. రైఫిలు గురుత్వకేంద్రం సాధారణంగా గొట్టం అక్షానికి దిగువన ఉంటుంది కాబట్టి వెనుకకు తన్నే బలం గొట్టాన్ని నిలువు దిశలో వంచుతుంది. ఈ కారణంగా నిలువు కంపనమే ముఖ్యమైనది.

.22 తూటాలో ఫైరింగ్ పిన్ తగిలినప్పటి నుండి గుండు మూతిని దాటేవరకు సుమారు 2 నుండి 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ క్షణంలో మూతి ఏ దిశకు చూస్తున్నదో, ఎంత వేగంగా కదులుతున్నదో అన్నదానిని బట్టి గుండు ప్రయాణ కోణం నిర్ణయమవుతుంది. మూతి దిశలో డిగ్రీలో నూరో వంతు మార్పు వచ్చినా 50 మీటర్ల దూరంలో గుండు 8 నుండి 9 మి.మీ. పక్కకు తొలగుతుంది.

మూతి వద్ద బరువు చేర్చితే గొట్టం సహజ పౌనఃపున్యాలు తగ్గుతాయి. అదే బరువును ఇంకా ముందుకు జరిపితే మరికొంత తగ్గుతాయి. ఈ విధంగా కంపనపు ఏ దశలో గుండు బయటపడాలో కొంతవరకు మార్చవచ్చు. ట్యూనరు చేసే పని ఇంతే. అది గుండు వేగాన్ని గానీ, తూటాల నాణ్యతను గానీ మార్చదు.

ధన పరిహారం

ట్యూనరు ప్రయోజనాన్ని వివరించే సిద్ధాంతాలలో ముఖ్యమైనది ధన పరిహార సిద్ధాంతం. దీనిని అర్థం చేసుకొనుటకు ముందుగా వేగభేదం వలన కలిగే నష్టాన్ని తెలుసుకోవాలి.

పోటీలలో వాడే .22 గుండు బరువు సుమారు 2.6 గ్రాములు. మూతి వద్ద దాని వేగం సెకనుకు 320 మీటర్ల ప్రాంతంలో, అనగా ధ్వని వేగానికి కొంచెం తక్కువగా ఉంటుంది. 50 మీటర్లు పోవుటకు దీనికి సుమారు 0.16 సెకన్లు పడుతుంది. ఈ కాలంలో గురుత్వాకర్షణ వలన గుండు సుమారు 13 సెం.మీ. క్రిందకు జారుతుంది. గురి పరికరాలను సరిచేయడం వలన ఈ జారుడు సగటున సరిపోతుంది. అయితే ప్రతి తూటా ఒకే వేగాన్ని ఇవ్వదు. సెకనుకు 10 మీటర్లు నెమ్మదిగా వెళ్ళే గుండు, వేగంగా వెళ్ళే గుండు కంటే సుమారు 7 నుండి 8 మి.మీ. క్రిందుగా పడుతుంది. పది పాయింట్ల వలయం వ్యాసంతో పోల్చితే ఇది చిన్న తేడా కాదు.

నెమ్మదైన గుండు గొట్టం నుండి కొంచెం ఆలస్యంగా బయటపడుతుంది. ఆ సమయంలో మూతి పైకి లేస్తూ ఉంటే, ఆలస్యంగా వచ్చిన గుండుకు కొంచెం ఎక్కువ ఎత్తు కోణం లభిస్తుంది. వేగంగా వచ్చిన గుండుకు తక్కువ కోణం లభిస్తుంది. ఈ రెండు ప్రభావాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటే వేగాలు వేరైనా గుండ్లన్నీ ఒకే ఎత్తులో పడతాయి. దీనినే ధన పరిహారం అంటారు. దీనికి విరుద్ధంగా గుండు బయటపడే వేళ మూతి క్రిందకు దిగుతూ ఉంటే నిలువు తేడా ఇంకా పెరుగుతుంది. ఇది ఋణ పరిహారం.

ఇక్కడ గమనించవలసినది ఏమనగా పరిహారం ఒక నిర్ణీత దూరానికి మాత్రమే సరిపోతుంది. 100 మీటర్ల వద్ద వేగభేదాన్ని సరిదిద్దుటకు కావలసిన కోణం 50 మీటర్లకు కావలసిన దానికి సుమారు రెట్టింపు. కాబట్టి 50 మీటర్లకు సరిచేసిన ట్యూనరు 100 మీటర్లకు సరిపోతుందని భావించరాదు.

నిశ్చల మూతి సిద్ధాంతం

గుండు బయటపడే క్షణంలో మూతి కదలకుండా ఉండేటట్లు చేయడమే ట్యూనరు పని అని మరికొందరు భావిస్తారు. ఊగే వస్తువు తన ప్రయాణపు చివరి అంచున ఒక క్షణం నిలిచి వెనుకకు తిరుగుతుంది. ఆ అంచు వద్ద గుండు బయటపడితే కాలంలో వచ్చే చిన్న తేడాలు దిశను మార్చవు అని వీరి వాదన. అయితే మూతి నిజంగా నిశ్చలంగా ఉంటే వేగభేదం వలన వచ్చే 7-8 మి.మీ. తేడా పూర్తిగా లక్ష్యంపై కనబడాలి. పరిహారం జరుగుతూ ఉంటే అది తగ్గాలి. ఈ రెండు సిద్ధాంతాలలో ఏది వర్తిస్తున్నదో వేగమాపకం సహాయంతో పరీక్షించి తెలుసుకోవచ్చు.

చరిత్ర

గొట్టం కంపనాల అధ్యయనం కొత్తది కాదు. బ్రిటిష్ శాస్త్రవేత్త ఆర్నల్ఫ్ మాలక్ 1901లో రైఫిలు గొట్టాల కంపనాలపై రాసిన పత్రాన్ని లండన్ రాయల్ సొసైటీ ప్రచురించింది. లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళు దగ్గరి దూరాలలో సాధారణంగా ఉన్నా 900, 1000 గజాల దూరంలో ఊహించిన దానికంటే బాగా కాలుస్తాయని ఆనాటి బ్రిటిష్ పోటీదారులు గుర్తించారు. దీనికి కారణంగా ధన పరిహారాన్ని చూపారు.

1990లలో బ్రౌనింగ్ సంస్థ వేట రైఫిళ్ళకు బాస్ అనే సర్దుబాటు పరికరాన్ని ప్రవేశపెట్టింది. ఇది వించెస్టర్ మోడల్ 70 రైఫిళ్ళపై కూడా వచ్చింది. మొదటి నమూనాలో రంధ్రాలున్న మజిల్ బ్రేక్ కూడా కలిసి ఉండేది. తరువాత రంధ్రాలు లేని రకం కూడా విడుదలయింది. బల్లపై ఆనించి కాల్చే రిమ్‌ఫైర్ బెంచ్‌రెస్ట్ పోటీలలో ట్యూనరు వాడకం సర్వసాధారణమైంది. 1998లో వెలువడిన హెరాల్డ్ వాన్ పుస్తకం రైఫిల్ ఆక్యురసీ ఫ్యాక్ట్స్ గొట్టం కంపనాలను కొలతలతో సహా చర్చించింది.

నిర్మాణం

సాధారణ ట్యూనరులో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది గొట్టంపై బిగించే పట్టీ లేదా మర గల గొట్టు. రెండవది దానిపై తిరిగే బరువు. దీని మొత్తం బరువు సాధారణంగా 100 నుండి 300 గ్రాముల వరకు ఉంటుంది. బరువును తిప్పినప్పుడు అది మరల వెంట ముందుకు గానీ వెనుకకు గానీ జరుగుతుంది. ఉదాహరణకు అంగుళానికి 40 మరలు, చుట్టుకు 25 గంట్లు ఉన్న ట్యూనరులో ఒక్క గంటుకు బరువు అంగుళంలో వెయ్యో వంతు, అనగా సుమారు 0.025 మి.మీ. జరుగుతుంది. అమరికను మరల గుర్తించుటకు పైన అంకెలు చెక్కబడి ఉంటాయి.

ఇనుప గురి వాడేవారు ముందు గురిని ఇంకా దూరంగా అమర్చుకొనుటకు గొట్టానికి ఒక పొడిగింపు గొట్టం తగిలిస్తారు. కొన్ని ట్యూనర్లు ఈ పొడిగింపుతో కలిసి వస్తాయి. కంపనాలను రబ్బరు ద్వారా అణచివేసే డంపర్లు వేరే రకం. అంతర్జాతీయ సమాఖ్య నియమాల ప్రకారం రైఫిళ్ళపై మజిల్ బ్రేకులు, కాంపెన్సేటర్లు నిషిద్ధం. గొట్టానికి, పొడిగింపుకు రంధ్రాలు ఉండరాదు. గొట్టంపై బరువుల కొలతలకు, రైఫిలు మొత్తం బరువుకు కూడా పరిమితులు ఉన్నాయి. కావున పోటీకి ముందు ట్యూనరుతో సహా రైఫిలును పరికరాల తనిఖీలో చూపించుకోవాలి.

పరీక్షకు ముందు జాగ్రత్తలు

ట్యూనరును బిగించునప్పుడు, తిప్పునప్పుడు రైఫిలులో తూటా ఉండరాదు. బోల్టు తెరచి, గొట్టం ఖాళీగా ఉన్నదని చూసి, రక్షణ జెండాను పెట్టిన తరువాతనే చేయి మూతి వద్దకు పోవాలి. ట్యూనరు రంధ్రం గొట్టం రంధ్రంతో ఒకే సరళరేఖలో ఉండాలి. గుండు అంచుకు తగిలితే గురి చెడడమే కాక ప్రమాదం కూడా. భారతదేశంలో రైఫిలు కలిగి ఉండడం 1959 ఆయుధాల చట్టం పరిధిలోకి వస్తుంది. పరీక్ష లైసెన్సుతో, అధికారుల పర్యవేక్షణ గల రేంజిలో మాత్రమే జరగాలి.

రైఫిలులో ఇతర లోపాలు ఉంటే ట్యూనరు వాటిని సరిచేయదు. కొయ్యకు రైఫిలును బిగించే మరలు ఒకే బిగువులో ఉన్నాయా, టెలిస్కోపు వదులుగా ఉన్నదా, గొట్టం శుభ్రంగా ఉన్నదా అన్నవి ముందుగా చూడాలి. తూటాల లాటు ఎంపిక ఇంకా ముఖ్యమైనది. ఒకే కంపెనీ, ఒకే పేరుగల తూటాలలో కూడా లాటు మారితే ఫలితం మారుతుంది. అందువలన పోటీదారులు ముందు తమ గొట్టానికి నచ్చిన లాటును ఎన్నుకొని, పరీక్షకు, పోటీకి సరిపడా నిల్వ ఉంచుకుంటారు. ట్యూనరు పరీక్ష మొత్తం ఒకే లాటుతో జరగాలి.

గాలి మరొక శత్రువు. వీలైతే మూసిన 50 మీటర్ల రేంజిలో, లేకపోతే తెల్లవారుజామున గాలి నిలిచిన వేళ, గాలి జెండాలు పాతి పరీక్షించాలి. రైఫిలును బల్లపై ముందు, వెనుక ఇసుక సంచులపై ప్రతిసారి ఒకే చోట ఆనించాలి.

పరీక్షా విధానం

మొదటి దశ: ఆధార కొలత. ట్యూనరు లేకుండా కనీసం 50 గుండ్లు కాల్చి, ప్రతి గుండు స్థానాన్ని, వేగాన్ని నమోదు చేయాలి. దీనితో పోల్చనిదే తరువాత వచ్చిన ఫలితం మెరుగో కాదో తెలియదు.

రెండవ దశ: స్థూల వెతుకులాట. ట్యూనరు బిగించి, దాని పరిధి అంతటా సమాన దూరాలలో పది లేక పన్నెండు అమరికలను ఎన్నుకోవాలి. ప్రతి అమరికలో ఐదు గుండ్లు కాల్చి, నిలువు వ్యాప్తిని అడ్డ వ్యాప్తికి వేరుగా కొలవాలి. అడ్డ వ్యాప్తిలో గాలి పాత్ర ఎక్కువ. ట్యూనరు ప్రభావం ప్రధానంగా నిలువు దిశలో ఉంటుంది. ఈ దశ ఫలితాలను సూచనలుగా మాత్రమే తీసుకోవాలి.

మూడవ దశ: సూక్ష్మ వెతుకులాట. ఆశాజనకంగా కనబడిన రెండు మూడు చోట్లకు ఇరువైపులా చిన్న మార్పులతో మరల కాల్చాలి. ఒక్క గంటుతో ఫలితం తలక్రిందులైతే అది యాదృచ్ఛికమని అనుమానించాలి. నిజమైన మంచి అమరికకు ఇరుగుపొరుగు అమరికలు కూడా దాదాపు అంతే మంచిగా ఉండాలి. ఎందుకనగా బరువు 0.025 మి.మీ. జరిగితే గొట్టం పౌనఃపున్యంలో వచ్చే మార్పు అత్యల్పం.

నాల్గవ దశ: నిర్ధారణ. ఎన్నుకున్న అమరికను, మరొక సాధారణ అమరికను మార్చి మార్చి కాల్చాలి. అమరికను సహాయకుడు మార్చాలి, కాల్చేవారికి ఏ అమరిక ఉన్నదో తెలియకూడదు. తన ట్యూనరు బాగున్నదని నమ్మినవాడు తెలియకుండానే ఆ గ్రూపులను మరింత శ్రద్ధగా కాలుస్తాడు.

గణాంకాల ప్రాముఖ్యత

ట్యూనరు పరీక్షలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఒకే రైఫిలు, ఒకే తూటా, ఏ మార్పూ లేకుండా కాల్చిన ఐదు గుండ్ల గ్రూపుల పరిమాణం కూడా సగటుకు అటూ ఇటూ నాలుగో వంతుకు పైగా మారుతుంది. అటువంటి పది గ్రూపులు కాల్చితే వాటిలో పెద్దది చిన్నదానికి రెండు రెట్లకు మించి ఉండడం మామూలే. ట్యూనరును కదపకుండానే ఆ పది గ్రూపులకు 1 నుండి 10 వరకు అంకెలు వేసి ఎవరికైనా చూపితే, వారు చిన్న గ్రూపును చూపి అదే సరైన అమరిక అంటారు. ప్రతి అభ్యాసకుడు ఈ ప్రయోగాన్ని ఒకసారి స్వయంగా చేసి చూడడం మంచిది.

క్రమ విచలనాన్ని 5 గుండ్లతో అంచనా వేస్తే దానిలో పొరపాటు సుమారు 35 శాతం, 20 గుండ్లతో 16 శాతం, 50 గుండ్లతో 10 శాతం ఉంటుంది. రెండు అమరికల మధ్య 20 శాతం తేడాను నమ్మకంగా గుర్తించాలంటే ఒక్కొక్క దానికి సుమారు 100 గుండ్లు కావాలి. 20 గుండ్ల చొప్పున కాల్చితే మూడో వంతుకు తక్కువైన తేడా స్పష్టంగా తెలియదు. మేలిరకం తూటాలు ఖరీదైనవి. అందుకే చాలామంది కొద్ది గుండ్లతో సరిపెట్టుకొని, వచ్చిన అంకెను నమ్ముతారు. అయితే తప్పు అమరికను నమ్మి పోటీకి పోవడం అంతకంటే ఖరీదైన పొరపాటు.

వేగమాపకంతో పరీక్ష

తక్కువ గుండ్లతో ఎక్కువ సమాచారం ఇచ్చే పద్ధతి మరొకటి ఉన్నది. ప్రతి గుండు వేగాన్ని క్రోనోగ్రాఫ్‌తో కొలిచి, అది టార్గెట్‌పై పడిన ఎత్తును పక్కనే రాయాలి. వేగాన్ని అడ్డ అక్షంపై, ఎత్తును నిలువు అక్షంపై వేసి గ్రాఫు గీయాలి. బిందువుల గుండా పోయే సరళరేఖ వాలు ఈ క్రింది విధంగా అర్థాన్ని ఇస్తుంది.

వాలు సెకనుకు ఒక మీటరు వేగానికి సుమారు 0.75 మి.మీ. ఉంటే పరిహారం ఏమీ లేదు.
వాలు అంతకంటే తక్కువైతే పాక్షిక ధన పరిహారం ఉన్నది.
వాలు సున్నాకు దగ్గరగా ఉంటే పరిహారం సరిపోయింది.
వాలు 0.75 కంటే ఎక్కువైతే ఋణ పరిహారం జరుగుతున్నది.
వాలు సున్నాకు దిగువకు పోయి, నెమ్మదైన గుండ్లే పైన పడుతుంటే పరిహారం మితిమీరింది.

ఈ పద్ధతిలో అన్నింటికంటే చిన్న గ్రూపు ఏదని కాకుండా కారణానికి ఫలితానికి మధ్య సంబంధాన్ని చూస్తాము. క్రోనోగ్రాఫ్ గొట్టానికి తగిలించే రకమైతే అది కూడా ఒక బరువై కంపనాన్ని మార్చుతుంది. కాబట్టి విడిగా నిలబెట్టే రకాన్నే వాడాలి.

ఎంత మెరుగుదల ఆశించవచ్చు

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. తూటాల వేగంలో క్రమ విచలనం సెకనుకు 3 మీటర్లు అనుకుంటే, దాని వలన నిలువు విచలనం 3 × 0.75 = 2.25 మి.మీ. ఇతర కారణాల వలన వచ్చే విచలనం 2.5 మి.మీ. అనుకుంటే, మొత్తం విచలనం ఈ రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలం, అనగా సుమారు 3.4 మి.మీ. ట్యూనరు సంపూర్ణ పరిహారాన్ని ఇస్తే మిగిలేది 2.5 మి.మీ. మెరుగుదల సుమారు 26 శాతం. అదే తూటాల వేగ విచలనం 1.5 మీటర్లు మాత్రమే అయితే, ట్యూనరు లేకున్నా మొత్తం విచలనం 2.7 మి.మీ. అప్పుడు మెరుగుదల 9 శాతం మాత్రమే. దీనిని బట్టి మంచి తూటాలు దొరికినవారికి ట్యూనరు అవసరం తగ్గుతుందని, అడ్డ వ్యాప్తిలో ఈ పరిహారం ఏ మార్పూ తేదని తెలుస్తుంది.

పరిమితులు, వివాదాలు

ట్యూనరు ప్రయోజనంపై ఏకాభిప్రాయం లేదు. గుండు వేగం తక్కువగా, గొట్టంలో గడిపే కాలం ఎక్కువగా ఉండే .22 రైఫిళ్ళలో పరిహారానికి అనుకూలమైన భౌతిక కారణం ఉన్నది. ఎక్కువ వేగం గల సెంటర్‌ఫైర్ రైఫిళ్ళలో మాత్రం వాదోపవాదాలు ఎక్కువ. అక్కడ ప్రయోజనం ఉన్నదని చెప్పే ప్రదర్శనలు చాలావరకు మూడు, ఐదు గుండ్ల గ్రూపులపై ఆధారపడినవి. మూతి వద్ద చేరిన బరువు వలననే రైఫిలు నిలకడ పెరిగి స్కోరు బాగుపడే అవకాశం కూడా ఉంది. దీనిని వేరుచేయుటకు అదే బరువు గల కదలని గొట్టుతో పోల్చి చూడాలి.

తూటాల లాటు మారినా, గొట్టం మార్చినా, దూరం మారినా పరీక్షను మరల చేయాలి. ఉష్ణోగ్రత మార్పు తూటా వేగాన్ని మార్చుతుంది కాబట్టి వేసవిలో కుదిరిన అమరికను శీతాకాలంలో సరిచూసుకోవాలి. అమరిక, లాటు సంఖ్య, దూరం, ఉష్ణోగ్రత, గుండ్ల సంఖ్యలను ఒక పుస్తకంలో రాసి ఉంచుకొనుట అభ్యాసకులకు ఎంతో ఉపయోగకరం. పరీక్ష ముగిసిన తరువాత స్పష్టమైన మెరుగుదల కనబడకపోతే ట్యూనరును తీసివేసి, ఆ తూటాలను అభ్యాసానికి వాడుకోవడం కూడా సరైన నిర్ణయమే.

ఇవి కూడా చూడండి

షూటింగ్ క్రీడ
గగన్ నారంగ్
రైఫిలు
కంపనం
క్రమ విచలనం